తెలుగులో బైబిలు చదువుకోవడానికి ఏది ఎంచుకోవాలి?

కడపలో మా వీధిలోని ఒక ఇంట్లో ప్రతి బుధవారం సాయంత్రం పది పన్నెండు మందిమి కూర్చుని బైబిలు చదువుకుంటాము. డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు, కూరగాయల బండి మూసేసి నేరుగా వచ్చే ఆమె ఉన్నారు, రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దాయన ఉన్నారు. కొత్తగా చేరినవారు రెండో వారమో మూడో వారమో తప్పకుండా అడుగుతారు: “అక్కా, ఏ బైబిలు కొనమంటారు? దానితో పాటు ఇంకేమైనా పుస్తకాలు కావాలా?”

నేను వెంటనే పేరు చెప్పను. “ఇంతకుముందు చదవడం మొదలుపెట్టి ఎక్కడ ఆపేశావు?” అని అడుగుతాను. ఒకరికి భాష కొరుకుడు పడదు. ఇంకొకరికి భాష వచ్చు కానీ కూర్చునే తీరిక ఉండదు, లేదా చూపు సహకరించదు. మరొకరికి ప్రతి మాటా తెలుసు, సంగతి మాత్రం అంతుపట్టదు. ఈ ఇబ్బందులన్నిటికీ ఒకే మందు లేదు. భాష దగ్గర ఆగిపోయినవారు వ్యాఖ్యాన గ్రంథం కొంటే, ఇంట్లోకి ఇంకో కష్టమైన పుస్తకం వచ్చినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పుస్తక ప్రదర్శనలో అలాంటి సంపుటాలు నాలుగు కొన్నాను. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాల్లో పెట్టినట్టుండే ఆ భాష నాకే అర్థం కాలేదు, నేను తెలుగు టీచరునై ఉండి కూడా. ఆ డబ్బుతో మంచి అచ్చులో రెండు బైబిళ్లు వచ్చేవి.

కాబట్టి ఈ పోలిక ఇబ్బందిని బట్టే సాగుతుంది.

పాత అనువాదమా, నేటి భాషా?

మన దేవాలయాల్లో వేదిక మీద చదివేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ముద్రించే పాత అనువాదం. యాప్‌లలో ఇది ‘ఓ.వి.’ అనే పేరుతో కనిపిస్తుంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడిన కాలానికి ముందు నుంచీ వస్తున్న గ్రాంథిక సంప్రదాయం దానిది. దాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అన్న వాక్యాన్ని ఒకసారి పైకి చదివి చూడండి. ఆరు మాటల్లో అంత నిబ్బరం ఇంకెలా వస్తుంది? ఎండాకాలంలో మేత కోసం గొర్రెల మందను తోలుకుపోయే కాపరిని అనంతపురం పల్లెల్లో చూసినవారికి ఆ ‘లేమి’కి అర్థం చెప్పనక్కరలేదు. కంఠస్థం చేయడానికి, ప్రార్థనలో తలచుకోవడానికి, సంఘంలో అందరితో కలిసి చదవడానికి దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు.

కష్టం పౌలు పత్రికల దగ్గర మొదలవుతుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో మొదటి అధ్యాయం 3 నుంచి 14వ వచనం వరకు గ్రీకులో ఒకే వాక్యం. ఆ పొడవును గ్రాంథికంలో మోయాలంటే చదివేవారికి ఊపిరి ఆడదు. ఇంకో చిక్కు కనిపించకుండా దెబ్బతీస్తుంది. తెలిసినట్టే ఉండి అర్థం మారిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి. కీర్తనల్లో యెహోవా కొరకు ‘కనిపెట్టుకొని’ యుండుము అన్నప్పుడు దాని అర్థం ఎదురుచూడటం, కాచుకొని ఉండటం. మా గుంపులోని ఇంజనీరింగు అబ్బాయి దాన్ని ‘దేవుణ్ణి కనుగొనాలి’ అని చాలాకాలం అర్థం చేసుకున్నాడు. ‘ఆదరణ’ అంటే పాత అనువాదంలో ఓదార్పు. నేటి పత్రికల్లో అది సినిమాకు దొరికే ఆదరణ. తెలియని మాట ఎదురైతే ఎవరినైనా అడుగుతాము. తెలిసిందనుకున్న మాటను అడగము, అందుకే ఇవి ఎక్కువ ప్రమాదం.

నేటి భాషలో ఉన్నవాటిలో మూడు సులభంగా దొరుకుతాయి. 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌ను యాప్‌లలో ఐ.ఆర్.వి. అంటారు. వాడుక భాషలో ఉంటూనే మూలాన్ని దగ్గరగా అనుసరించాలన్న పట్టుదల దానిలో కనిపిస్తుంది. పైగా దాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. మూలాన్ని పేర్కొని, అదే లైసెన్సు నిబంధనలకు లోబడి ఎవరైనా కాపీలు తీసి పంచుకోవచ్చు. బుధవారం అధ్యాయాన్ని పెద్ద అక్షరాల్లో ముద్రించి అందరికీ ఇవ్వడానికి మాకు ఇది ఎంతో ఉపయోగపడింది. బిబ్లికా సంస్థవారి తెలుగు సమకాలీన అనువాదం ఇంకొంచెం సాఫీగా నడుస్తుంది. అందులో దేవునికి ‘ప్రేమించారు’ వంటి గౌరవ క్రియలు వాడతారు. ‘ప్రేమించెను’ అని విని పెరిగిన నాకు మొదట్లో అది కొత్తగా తోచింది. కానీ ఇంట్లో పెద్దలను ‘వచ్చారు, చెప్పారు’ అనే పిల్లలకు అదే సహజం. మూడోది ఈజీ టు రీడ్ వెర్షన్. వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక. అప్పుడప్పుడే చదవడం నేర్చిన పెద్దలకు, పదేళ్ల పిల్లలకు మంచిది. అయితే సులువు చేయడం కోసం చాలాచోట్ల భావాన్ని విప్పి చెబుతుంది కాబట్టి, ఒక్కొక్క మాట మీద ఆగి ధ్యానించాలనుకునేవారికి చాలదు.

కతోలిక కుటుంబాలవారు ఒక విషయం చూసుకోవాలి. పైన చెప్పినవాటిలో సాధారణంగా 66 గ్రంథాలే ఉంటాయి. కతోలిక ముద్రణలో తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలైనవి కలిపి 73 ఉంటాయి. పూజలో చదివే పఠనం వెతికితే దొరకలేదని కంగారుపడకుండా మీ విచారణ గురువుల దగ్గర అడిగి ఆ ముద్రణే తీసుకోండి.

నా ఎంపిక అడిగితే, ఒక పాత అనువాదం, ఒక ఐ.ఆర్.వి., రెండూ పక్కపక్కనే. ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని పక్కన పెట్టనవసరం లేదు. ముందు నేటి భాషలో అధ్యాయమంతా ఆగకుండా చదవండి. తర్వాత పాతదానిలో అదే అధ్యాయాన్ని నెమ్మదిగా, పైకి చదవండి. రెండూ వేరువేరుగా చెబుతున్నట్టు అనిపించిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. మీరు ఆగి ఆలోచించాల్సిన చోట్లు అవే. ఉదాహరణకు ఆదికాండము మొదటి వాక్యంలో పాత అనువాదం ‘భూమ్యాకాశములను’ అంటుంది. హెబ్రీలో ముందు ఆకాశాలు, తర్వాత భూమి. తెలుగు సమాసం అందం కోసం వరుస మారింది. అర్థం చెడలేదు. కానీ ఆ వెంటనే రెండో వచనం ‘భూమి’ మీదికే ఎందుకు దిగుతుందో మూలం వరుస చూసినప్పుడు తేటగా తెలుస్తుంది. వేలు పోసి కొన్న పుస్తకాలకంటే ఈ రెండు అనువాదాల పోలికే నాకు ఎక్కువ నేర్పింది.

పాత మాటల కోసం ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన చాలు, డబ్బు కట్టనక్కరలేదు. అందులో సి.పి. బ్రౌన్ నిఘంటువు కూడా ఉంది. 1852లో అచ్చయిన ఆ నిఘంటువు దాదాపు మన పాత అనువాదం భాష కాలానిదే, అందుకే కొత్త నిఘంటువుల్లో కనబడని అర్థాలు అందులో దొరుకుతాయి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడి తన బంగళాలోనే పండితులను పెట్టి తాళపత్రాలను పరిష్కరింపజేశాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. బైబిలు మాటకు అర్థం వెతుకుతూ మన ఊరి మనిషి శ్రమ దగ్గరికే చేరడం నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది.

పుస్తకమా, ఫోనా, చెవులా?

ఫోనులో ఎక్కువమంది వాడేది యూవర్షన్ యాప్. ఉచితం. తెలుగులో పైన చెప్పిన అనువాదాలు అందులో ఉన్నాయి. వచనాన్ని నొక్కి ‘పోల్చు’ అనే సదుపాయం తెరిస్తే వేర్వేరు అనువాదాలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. రెండు పుస్తకాలు కొనలేని విద్యార్థికి ఇంతకంటే మేలైన దారి లేదు. వైఫై ఉన్నచోట ముందుగా డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని ఊళ్లోనూ చదువుకోవచ్చు.

అయినా ప్రతిరోజు చదువుకు కాగితం పుస్తకమే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఫోను తెరిస్తే ముందు కనిపించేది వచనం కాదు, ఎవరో పంపిన సందేశం. ఇంకో నష్టం, వచనం ఒంటరిగా కనిపించడం. దేవుడు తన ప్రజలకు మేలునూ నిరీక్షణనూ వాగ్దానం చేసే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ప్రతి ఉదయం ఎన్ని ఫోనుల్లో తిరుగుతుందో మీకు తెలుసు. దాని పైనున్న పదో వచనంలో అంతకుముందు బబులోను చెరలో డెబ్బై సంవత్సరాలు పూర్తి కావాలన్న మాట ఉంది. పుస్తకంలో ఆ రెండూ ఒకే చూపులో పడతాయి. ఆ వాగ్దానం ఎంత ఓపికను కోరుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక వినడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది చదవలేనివారికి ఇచ్చే రెండో రకం సాధనంగా చూస్తారు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ సంస్థవారి బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో తెలుగు కొత్త నిబంధన ఆడియో ఉచితంగా దొరుకుతుంది. పాత నిబంధనలోని కథలకు మాత్రం నేనే గొంతునిస్తాను. మా అత్తగారు బడి మెట్లు ఎక్కలేదు. ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ వేరుశనగకాయలు వలుస్తూ ఉంటే నేను రూతు గ్రంథం నాలుగు అధ్యాయాలూ చదివి వినిపించాను. అయిపోయాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “ఆ పిల్ల కళ్లం దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా పోయిందంటే ఎంత ధైర్యం కావాలి! నాటి రోజుల్లో మా నాన్న కూడా కళ్లంలోనే పడుకునేవాడు, గింజలకు కాపలా.” కళ్లంలో రాత్రి యజమాని ఎందుకు పడుకున్నాడో నేను ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆవిడకు అది తన బాల్యంలోనే తెలుసు. ఆ రోజు వ్యాఖ్యానం చెప్పింది ఆవిడే.

“వినుట వలన విశ్వాసము కలుగును” అని రోమీయులకు రాసిన పత్రికలో ఉంది. ఆ పత్రికను మొదట అందుకున్నవారిలో ఎక్కువమంది దాన్ని చదవలేదు, ఒకరు చదువుతుంటే విన్నారు. ఒక గ్రంథాన్ని ఏకబిగిన అందుకోవడానికి చెవి కంటికంటే నమ్మకమైనది. కడపలో బస్సెక్కి కర్నూలులో దిగేలోపు మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ వినవచ్చు. మార్కు ఎంత వేగంగా కథ నడుపుతాడో ముక్కలు ముక్కలుగా చదివితే ఎప్పటికీ తెలియదు. అయితే ఒక మాట దగ్గర ఆగి ఆలోచించడానికి ఆడియో పనికిరాదు, అది మనకోసం ఆగదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

దీనికి ఎక్కువ చర్చ అవసరం లేదు. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి, ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. జనవరి ఒకటిన ఆదికాండముతో మొదలుపెట్టినవారు ఆ నెలాఖరుకు లేవీయకాండము చేరుతారు. బలుల నియమాల మధ్య చాలామంది అక్కడే ఆగిపోతారు. 1842లో స్కాట్లాండు బోధకుడు మెక్‌చేన్ తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో రోజుకు నాలుగు చోట్ల నుంచి పఠనాలుంటాయి కాబట్టి విసుగు తక్కువ, కానీ కొత్తవారికి బరువు ఎక్కువ. నా సలహా కొత్త నిబంధన. దాని అధ్యాయాలు సరిగ్గా 260. వారానికి అయిదు రోజులు, రోజుకొక్కటి చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. మిగిలిన రెండు రోజులు తప్పిపోయినవాటికి, కీర్తనలకు. మార్కుతో మొదలుపెట్టండి.

మాటలు అర్థమై సంగతి అర్థం కానప్పుడు

ఇక్కడే పేజీ కింద వివరణలుండే స్టడీ బైబిలు, రిఫరెన్సు బైబిలు, వ్యాఖ్యానం, మూలభాషా సాధనాలు అన్నీ పోటీపడతాయి. ఏది దేనికో ఒక్క వచనంతో చూద్దాం.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం 7వ వచనంలో రైతు తొలకరి వర్షమూ కడవరి వర్షమూ పడేవరకు ఓపికతో ఎదురుచూస్తాడని ఉంది. అనంతపురం రైతుకు తొలకరి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. జూన్‌లో మబ్బు పడితే వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకునే వేళ అది. సరిగ్గా ఆ పరిచయమే ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. యాకోబు పెరిగిన దేశంలో వేసవి అంతా చినుకు పడదు. అక్కడ తొలకరి అక్టోబరు, నవంబరు నెలల్లో పడి, ఎండి బిగిసిన నేలను దున్నడానికి మెత్తబరుస్తుంది. కడవరి వర్షం మార్చి, ఏప్రిల్ నెలల్లో, కోతకు ముందు గింజ గట్టిపడటానికి వస్తుంది. అంటే ఆ రైతు ఓపిక ఒక్క మబ్బు కోసం కాదు, విత్తిన దగ్గర నుంచి కోత దాకా సాగే ఓపిక. ఆ మధ్య నెలల్లో పైరు పచ్చగా కనిపిస్తున్నా పంట చేతికొస్తుందన్న భరోసా లేదు. ప్రభువు రాకడ వరకు ఓపిక పట్టమని యాకోబు చెప్పినప్పుడు అతని మనసులో ఉన్నది ఆ పొడవైన కాలం. ఇలాంటిది మీరు ఎంత ధ్యానించినా మీ లోపలి నుంచి రాదు, ఎవరో చెప్పాలి. అదే మంచి స్టడీ బైబిలు పని.

పటాలు కూడా అంతే. మంచి సమరయుని కథలో దొంగల చేతిలో పడిన మనిషి యెరూషలేము నుంచి యెరికోకు ‘దిగి’ వెళ్తాడు. దూరం సుమారు 25 కిలోమీటర్లు, ఇంచుమించు కడప నుంచి కమలాపురం వెళ్లినంత. కానీ అంత దూరంలోనే దారి దాదాపు వెయ్యి మీటర్లు కిందికి జారుతుంది. యెరికో సముద్రమట్టానికి కూడా దిగువన ఉంది. కొండల మధ్య మలుపులు తిరిగే నిర్జనమైన దారి. దొంగలకు ఆ చోటే ఎందుకు అనువైందో పటం చూడగానే తెలుస్తుంది. వెనుక పటాలు లేని ముద్రణ చవకగా వస్తుందని తీసుకోకండి.

పక్కన చిన్న అక్షరాల్లో సంబంధిత వచనాలు చూపే రిఫరెన్సు బైబిలు దీనికంటే తక్కువ మాట్లాడుతుంది, అందుకే నాకు ఇంకా ఇష్టం. సిలువ మీద యేసు వేసిన కేకకు “నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి” అని అర్థం చెప్పారు. అది 22వ కీర్తన మొదటి మాట. కానీ పాత అనువాదంలో అక్కడ “నీవు నన్నేల విడనాడితివి” అని ఉంటుంది. మాటలు వేరు కాబట్టి యాప్‌లో పదం పెట్టి వెతికితే దొరకదు. పక్కనున్న రిఫరెన్సు మిమ్మల్ని నేరుగా అక్కడికి తీసుకెళుతుంది. వెళ్లాక ఆ కీర్తన చివరిదాకా చదవండి. అది కేకతో మొదలై స్తుతితో ముగుస్తుంది. ఈ రిఫరెన్సులు అర్థం చెప్పవు, దారి చూపి పక్కకు తప్పుకుంటాయి.

స్టడీ బైబిలు విషయంలో ఒక హెచ్చరిక. పేజీ కింద ఉన్న వివరణ వాక్యం కాదు, ఎవరో రాసింది, వారిదొక సంఘ సంప్రదాయం ఉంటుంది. మన సీమలో అన్ని సంప్రదాయాలూ ఉన్నాయి. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది. నంద్యాలలో ఆంగ్లికన్లు, కర్నూలులో బాప్టిస్టులు వేళ్లూనుకున్నారు. సువార్తికుడు భక్తసింగ్ పరిచర్యతో ఏర్పడిన సహవాసాలు, పెంతెకోస్తు సంఘాలు, కతోలిక విచారణలు ఊరూరా ఉన్నాయి. బాప్తిస్మం గురించి, ప్రకటన గ్రంథం గురించి వీరి వివరణలు ఒకటి కావు. కొనేముందు మీ కాపరిని అడగండి. కొన్నాక, అధ్యాయం రెండుసార్లు చదివిన తర్వాతే కిందికి చూపు దించండి. ముందే చూస్తే ఇక మీ కళ్లతో మీరు చదవరు.

ఒక గ్రంథం మొదలుపెట్టేముందు దాని రూపురేఖ తెలుసుకోవడానికి బైబిల్ ప్రాజెక్ట్ వారి తెలుగు వీడియోలు బాగుంటాయి. బొమ్మలు గీస్తూ కొద్ది నిమిషాల్లో గ్రంథం అమరికను చూపిస్తారు. లేవీయకాండము దగ్గర ఆగిపోయిన మా పిల్లలు ముందుకు కదిలింది వీటివల్లే.

గ్రీకు, హెబ్రీ మాటలకు స్ట్రాంగ్ సంఖ్యలతో (ఒక్కో మూలభాషా మాటకు ఇచ్చిన వరుస సంఖ్యలతో) అర్థాలిచ్చే బ్లూ లెటర్ బైబిల్ వంటి వెబ్‌సైట్లు ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లీషు రావాలి. వీటితో జాగ్రత్త ఎక్కువ కావాలి. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు అడిగిన ప్రశ్నలో ‘ప్రేమ’కు రెండు వేర్వేరు గ్రీకు క్రియలున్నాయని తెలిసిన వెంటనే, ఒకటి దైవప్రేమ, ఒకటి స్నేహం అని పెద్ద మేడ కట్టేవారిని చూశాను. అదే సువార్తలో తండ్రి కుమారుని ప్రేమిస్తున్నాడన్న మాట 3:35లో మొదటి క్రియతో, 5:20లో రెండో క్రియతో ఉంది. ఆ రెండు ప్రేమలకూ తేడా ఉందని ఎవరంటారు? ఒక మాట అర్థాన్ని నిఘంటువు కంటే, ఆ రచయిత దాన్ని మిగతా చోట్ల ఎలా వాడాడన్నదే బాగా చెబుతుంది. ఈ సాధనాన్ని రెండు మూడేళ్లు చదివినవారికే సూచిస్తాను.

కొనడానికి వెళ్లినప్పుడు

అంగట్లో అట్ట మెరుపు చూడకండి. 119వ కీర్తన తెరవండి. 176 వచనాల ఆ కీర్తనలో ఒక పేజీని నిలబడి చదివి చూడండి. కళ్లు చిట్లించాల్సి వస్తే ఆ ముద్రణ వద్దు, ఒక సైజు పెద్దది అడగండి. కాగితం మరీ పలచనైతే వెనుక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి, చెమట చేతులకు చిరుగుతుంది, మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. అంచున పెన్సిలు రాతకు చోటుందా చూడండి. ఇక స్టడీ బైబిలైతే యాకోబు 5:7 తెరిచి కింద వివరణ చదవండి. తొలకరి ఏ నెలలో పడుతుందో, కడవరి వర్షం దేనికి అవసరమో అక్కడ రాసి ఉంటే తీసుకోండి. ఓపిక గొప్ప గుణమని మాత్రమే రాసి ఉంటే తిరిగి అరలో పెట్టేయండి.